లక్ష్మీ ఆసు యంత్రం: చేనేత ఇంటికి ఏ మేరకు పనికొస్తుంది?

పోచంపల్లి చీరకు రంగులద్ది నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ వరసగా చుట్టాలి, అదే ఆసు పోయడం. చేత్తో పోస్తే ఒక్కో చీరకు నాలుగైదు గంటలు పడుతుంది. చెయ్యి సుమారు 9,000 సార్లు తిరగాలి, భుజాలు పట్టేస్తాయి. తల్లి పడే ఆ బాధ చూసే ఉమ్మడి నల్లగొండ జిల్లా ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం 1999లో ఈ యంత్రం తయారుచేశారు. పని గంటన్నరకు దిగింది. పెద్ద డిజైన్ సంస్థలో కాదు, పనిచేసే ఇంట్లోనే పుట్టిన మార్పు ఇది.

అయితే దారం బిగువు మీద కన్నుండాలి. ఒకచోట వదులైతే చిటికి (రంగు అంటకూడని చోట పోగులను బిగించే కట్టు) కట్టినప్పుడు పోగులు జారి, రంగు అద్దాక పువ్వు అంచు చెదురుతుంది. పోగు తెగితే వెంటనే ఆపి ముడెయ్యాలి; లేదంటే లెక్క తప్పుతుంది, ఆ తప్పు మగ్గమెక్కాక గానీ బయటపడదు. చిటికి, అద్దకం, నేత ఇంకా చేతిపనే. ఆసు భారమంతా ఆడవాళ్ల మీదే ఉన్న ఇల్లు ముందుగా కొనాల్సింది ఇదే.