మయామీ బీచ్: చూడ్డానికి ఓషన్ డ్రైవ్, తినడానికి పక్క వీధులు

మయామీ బీచ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఓషన్ డ్రైవ్. లేత గులాబీ, నీలం రంగుల పాత హోటళ్ళు, నియాన్ లైట్లు, రోడ్డుకి అవతల కొబ్బరి చెట్లు, వాటి వెనక సముద్రం. ఆర్ట్ డెకో అనే పాతకాలపు కట్టడ శైలి ఉన్న ఈ ప్రాంతాన్ని 1979లోనే అమెరికా చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. పొద్దున్నే ఎండ ముదరకముందు ఒకసారి, రాత్రి లైట్లు వెలిగాక ఇంకోసారి నడవాల్సిన వీధి. భోజనానికి మాత్రం అక్కడ కూర్చోవద్దనే చెప్తాను.

ఫుట్‌పాత్ మీదే టేబుళ్ళు వేసి, మెనూ పట్టుకుని దారినపోయే వాళ్ళని పిలుస్తుంటారు. మేం కూర్చున్న చోట పాస్తా చల్లారిపోయి వచ్చింది. బిల్లులో 20 శాతం సర్వీస్ ఛార్జి ముందే కలిపేసి, దాని కింద మళ్ళీ టిప్ రాయమని ఖాళీ గీత పెట్టారు. పైగా ఈ ఊళ్ళో రెస్టారెంట్ బిల్లు మీద 7 శాతం సేల్స్ ట్యాక్స్, 2 శాతం రిసార్ట్ ట్యాక్స్ ఉంటాయి. అంటే మెనూలో 20 డాలర్లున్న ప్లేటు చేతికొచ్చేసరికి 26 డాలర్ల దాకా అవుతుంది. సర్వీస్ ఛార్జి కలిపారో లేదో చూడకుండా టిప్ రాయకండి.

ఆ వీధిలో ఖర్చుకి వెనకాడకుండా ఒక్క సాయంత్రం గడపాలనుకుంటే 1116 నంబరు ఇల్లు ఉంది. 1930లో కట్టిన కాసా కాసువారినా. ఫ్యాషన్ డిజైనర్ జాన్ని వెర్సాచె ఇక్కడే ఉండేవాడు. 1997 జులై 15న ఆ మెట్ల మీదే ఆయన్ని కాల్చి చంపారు. ఇప్పుడది హోటలు, లోపల జాన్నీస్ అనే రెస్టారెంటు. పెళ్ళిరోజు లాంటి సందర్భానికి బాగుంటుంది. మేం బయటి నుంచి చూసి వచ్చేశాం.

మా డబ్బు దాచుకున్నది జోస్ స్టోన్ క్రాబ్ అనే పీతల రెస్టారెంటు కోసం. ఓషన్ డ్రైవ్ దక్షిణం చివరకి దగ్గర్లో, వాషింగ్టన్ ఎవెన్యూ మొదట్లో ఉంటుంది. ఆస్తమా తగ్గుతుందని న్యూయార్క్ నుంచి ఇక్కడికొచ్చిన జో వైస్ 1913లో చిన్న లంచ్ కౌంటర్‌గా మొదలుపెట్టాడు. ఇప్పుడు పెద్ద హాలు, నల్ల సూట్లలో వెయిటర్లు, ఎప్పుడూ జనం.

స్టోన్ క్రాబ్ అనే ఈ పీతని పట్టే పద్ధతి తెలిస్తే ఆ ప్లేటు మీద గౌరవం పెరుగుతుంది. పీతని చంపరు. కొలతకి సరిపోయిన డెక్క విరిచి పీతని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు; బతికితే డెక్క తిరిగి పెరుగుతుంది. కనీసం 2 7/8 అంగుళాల పొడవు లేని డెక్కని ముట్టుకోకూడదని ఫ్లోరిడా నిబంధన. గుడ్లున్న ఆడపీతల జోలికి అసలు వెళ్ళకూడదు. తెచ్చిన డెక్కల్ని వెంటనే ఉడికిస్తారు, ఎందుకంటే పచ్చిగా ఐసులో పెడితే కండ పెంకుకి అంటుకుపోతుంది.

టేబుల్ మీదకి చల్లగా వస్తాయి. నారింజ రంగు డెక్క, కొస మాత్రం నల్లగా. పెంకు ముందే పగలగొట్టి ఇస్తారు కాబట్టి వేళ్ళతో తీస్తే తెల్లటి కండ ముద్దగా ఊడొస్తుంది. పక్కన ఆవాల సాస్. కారం, మసాలా ఏమీ ఉండవు. పీతల పులుసు తిని పెరిగినవాళ్ళకి మొదటి ముక్క చప్పగా అనిపించొచ్చు, కానీ రెండో ముక్కకే కండలోని తీపి తెలుస్తుంది. ఆఖర్న 'కీ లైమ్ పై' అనే నిమ్మరసపు తీపి వంటకం తప్పకుండా చెప్పండి, పుల్లగా, తియ్యగా చాలా బాగుంది. డెక్కల ధర సైజుని బట్టి, సీజన్‌ని బట్టి మారుతుంది, తక్కువేమీ కాదు. పీత వద్దనుకునేవాళ్ళకి అక్కడి ఫ్రైడ్ చికెన్ చవగ్గా, కరకరలాడుతూ ఉంటుంది. లోపల రద్దీ చూసి టెన్షన్ పడక్కర్లేదు, పక్కనే వాళ్ళదే టేక్ అవే ఉంది. పొట్లం కట్టించుకుని సౌత్ పాయింట్ పార్క్‌లో కూర్చుంటే ఓడరేవు నుంచి బయల్దేరే క్రూజ్ షిప్పులు కళ్ళముందే వెళ్తాయి.

రోజువారీ తిండికి లోపలి వీధులే నయం. కాలిన్స్ ఎవెన్యూలో ప్యూర్తో సాగ్వా పాతకాలపు క్యూబన్ హోటలు, హడావిడి లేదు. 11వ వీధి డైనర్ అనే చిన్న రెస్టారెంటు 1948 నాటి రైలుపెట్టె ఆకారపు డైనర్ కారు, పెన్సిల్వేనియా నుంచి ఇక్కడికి తెచ్చి పెట్టారు. పిల్లలకి బాగా నచ్చుతుంది. అర్ధరాత్రి ఆకలేస్తే 14వ వీధిలో లా సాండ్‌విచరీ.

క్యూబన్ రుచి అసలు తెలియాలంటే మాత్రం నీళ్ళు దాటి మయామీ నగరంలోకి, కాయె ఓచో వీధికి వెళ్ళాలి. అక్కడి వెర్సాయ్ రెస్టారెంట్ 1971 నుంచీ ఉంది. లోపల గోడల నిండా అద్దాలు. కానీ నాకు నచ్చింది బయట కిటికీ దగ్గర నిలబడి తాగిన కాఫీ. డికాక్షన్ మొదటి చుక్కల్ని చక్కెరతో గిలకొట్టి నురగ తెప్పిస్తారు. 'కొలాదా' అడిగితే ఒక కప్పు కాఫీ, దాంతో పాటు బుల్లి బుల్లి ప్లాస్టిక్ కప్పులు ఇస్తారు, పంచుకు తాగడానికి. మన వన్ బై టూ చాయ్ లాగే! క్యూబా నుంచి వచ్చిన పెద్దలు ఆ కిటికీ దగ్గర గట్టిగా రాజకీయాలు మాట్లాడుకుంటుంటే భాష రాకపోయినా వినాలనిపించింది.

శాకాహారులకి ఒక మాట. నల్ల చిక్కుడు గింజలు, అన్నం, మగ్గిన అరటికాయ వేపుడు చూసి మన భోజనమే అనుకుంటాం. ఆ గింజలు కొన్నిచోట్ల పంది మాంసంతో ఉడికిస్తారు, అడిగి తినండి. అరటి వేపుడు, కర్రపెండలం మాత్రం మనసారా తిన్నాం. దారిలో అసూకార్ ఐస్‌క్రీమ్ షాపులో జామ, క్రీమ్ చీజ్, మరియా బిస్కెట్లు కలిపిన 'అబ్వేలా మరియా' పిల్లలు రెండోసారి అడిగారు.

బసకి సముద్రం ఎదురుగా గది కన్నా ఒకటి రెండు వీధులు వెనక తీసుకోండి, ఇసుక ఎటూ నడిచే దూరమే. గది అద్దె మీద రోజుకింత రిసార్ట్ ఫీజు వేస్తారు, బుక్ చేసేముందే ఆ మొత్తం చూసుకోవాలి. కారు ఉంటే వాలే పార్కింగ్ (హోటలు వాళ్ళే కారు తీసుకెళ్ళి పెట్టడం) మరో భారం. మేం బీచ్ వైపంతా ఉచిత ట్రాలీ బస్సులోనే తిరిగాం.

స్టోన్ క్రాబ్ సీజన్ అక్టోబర్ 15 నుంచి మే 1 దాకా. డిసెంబర్ మొదట్లో ఆర్ట్ బాజల్ అనే కళా ప్రదర్శన, తర్వాత చలికాలం రద్దీ, అప్పుడు గదుల రేట్లు మండిపోతాయి. నవంబర్ మొదటి పక్షానికి ప్లాన్ చేసుకుంటే తాజా పీతలు దొరుకుతాయి, గది కూడా అందుబాటులో ఉంటుంది. తుఫాన్ల సీజన్ ఆ నెలాఖరు దాకా ఉంటుంది కాబట్టి రద్దు చేసుకునే వీలున్న టికెట్లే కొనండి.