తుఫాను రోజుల్లో నీళ్లు: పూల్ నుంచా, సంపు నుంచా?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకాక రోజుల తరబడి కరెంటు లేదు. మోటారు తిరగకపోతే కుళాయి రాదు. స్విమ్మింగ్ పూల్, సంపు రెండూ ఉన్న ఇంట్లో ఏది దేనికి?

పరిమాణం: 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతున్న పూల్‌లో 38,400 లీటర్లు. సంపులో 5,000 ఉంటే ఇల్లు గడుస్తుంది.

ఖర్చు: సంపుకు బకెట్, తాడు చాలు. పూల్‌కు పెట్రోల్ పంపుసెట్, పైపులు కావాలి.

తాగడానికి: సంపు నీళ్లే, మరిగించి. వరద నీరు కలిస్తే అవీ వద్దు. పూల్ నీళ్లు మరిగించినా సైనూరిక్ యాసిడ్ (క్లోరిన్ ఎండకు పోకుండా కలిపే రసాయనం), లవణాలు పోవు. మరుగుదొడ్డికి మాత్రం భేష్.

మంటలార్పడానికి: పూల్. ముందు 101కి ఫోన్ చేయండి. లాగే వైపు గట్టి సక్షన్ పైపే పెట్టాలి. తోట పైపు నొక్కుకుపోయి నీళ్లు ఆగిపోతాయి. చివర జాలీ ఉన్న ఫుట్‌వాల్వు (నీళ్లు వెనక్కి జారనివ్వని కవాటం) ఉండాలి, పంపులో ముందే నీళ్లు నింపాలి. నీటిమట్టానికి ఆరేడు మీటర్ల పైన పెడితే లాగదు. ఇంజిన్ ఆరుబయటే నడపండి, దాని పొగ ప్రాణాంతకం. కరెంటు, నూనె మంటలపై నీళ్లు పోయకండి.

తుఫానుకు ముందు పూల్ ఖాళీ చేయడం పెద్ద పొరపాటు. భూగర్భజలం పెరిగితే ఖాళీ తొట్టి పైకి లేచి పగులుతుంది.

సింహాచలం కొండవాలులో ఎండుగడ్డి పక్కన ఇల్లుంటే పూల్‌కు పంపుసెట్ కొనండి. ఊరి నడుమైతే మూత బిగించిన సంపే మేలు.