స్టాక్ ఫుటేజ్‌లో మన సముద్రం దొరకదు

కాకినాడ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల మీద పన్నెండు నిమిషాల వీడియో ఒకటి ఎడిట్ చేశాను. ఒడ్డు మీద షాట్లు మేమే తీసుకున్నాం. నీళ్లలోపల తీయాలంటే కెమెరాకి హౌసింగ్ (నీళ్లు చొరని డబ్బా) లేదు, డైవర్ లేడు, ఉన్నా గోదావరి బురద కలిసే చోట చాపిన చెయ్యే కనపడదు. అలా రెండు వారాలు, వేరేవాళ్లు తీసిన క్లిప్పులు దొరికే స్టాక్ సైట్ల మీద పడ్డాను.

ముందు డబ్బు కట్టే సైటు సంగతి (పేరు చెప్పను). ఆలివ్ రిడ్లే అని కొడితే పేజీల కొద్దీ తాబేళ్లు వచ్చాయి, అందులో ఎండపొడ మధ్య తేలుతున్న ఫోర్‌కే క్లిప్ ఒకటి చూసి మనసు పారేసుకుని కొనేశాను. రఫ్ కట్ (తొలి ఎడిట్) చూపిస్తే రిటైరైన జువాలజీ మేస్టారు ఒకాయన వీడియో ఆపించి, "డిప్ప మీద పలకలు లెక్కపెట్టు నాయనా" అన్నారు. నడుమ వరసకి ఇటు నాలుగు, అటు నాలుగు. అంటే ఆలివ్ రిడ్లే కాదు, గ్రీన్ టర్టిల్ అని మేస్టారు తేల్చారు. ఆలివ్ రిడ్లేకి మామూలుగా ఒక్కో పక్క ఆరు, అంతకన్నా ఎక్కువే ఉంటాయట. సైటుకి మెయిల్ పెడితే, డౌన్‌లోడ్ చేశాక డబ్బు వెనక్కి ఇవ్వం అని రెండు ముక్కల్లో తేల్చేశారు. క్లిప్ తీసినవాడు ఏ పేరు రాస్తే అదే ట్యాగ్, చూసి సరిదిద్దే నాథుడు లేడు. మీరు మాత్రం పలకలు లెక్కపెట్టాకే కార్డు బయటికి తీయండి.

ఇంకో తిప్పలు ఇసుకతో వచ్చింది. గుంపులు గుంపులుగా ఒడ్డుకెక్కే తాబేళ్ల షాట్లు కావాలంటే నాకు ఎక్కువగా దొరికినవి కోస్టారికాలోని ఒస్టియోనల్ బీచ్‌వి. అక్కడ అగ్నిపర్వతపు ఇసుక, నల్లగా ఉంటుంది. దాన్ని తెచ్చి కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ షాట్ పక్కన పెడితే ఉప్పాడలో చిన్న పిల్లాడు కూడా పట్టేస్తాడు.

నీళ్లు మరీ ఘోరం. ఏ సైటు తెరిచినా మాల్దీవుల నీలమే, అద్దంలా. మా తీరంలో నీళ్లు ఆకుపచ్చగా, వరదల రోజుల్లో టీ రంగులో ఉంటాయి. కలర్ మార్చి చూద్దామనుకున్నాను గానీ, నీళ్లలో మొదట పోయేదే ఎరుపు, కొద్ది మీటర్లు దిగేసరికే చాలావరకు మాయం. లైటు లేకుండా తీసిన క్లిప్‌లో ఎరుపు లేపబోతే నాయిస్ (చుక్కలు చుక్కలుగా మరకలు) తప్ప ఏమీ రాలేదు. లాగ్‌లో (తర్వాత రంగులు దిద్దుకునేలా చప్పగా) తీసినవి దొరికితే కాస్త నయం, పెక్సెల్స్ అనే సైటులో ఉచితంగా నేను దించుకున్నవన్నీ ముందే రంగులు దిద్దేసినవి. దాని లైసెన్స్ మాత్రం హాయి, పేరు వేయమని కూడా అడగరు. కెరటాలు, నురగ, పైనుంచి డ్రోన్ షాట్లు అక్కడే తీసుకున్నాను. నా టైమ్‌లైన్ సెకనుకి 25 ఫ్రేములు కాబట్టి 60లో తీసినవే ఏరుకున్నాను, వాటిని 25కి దించితే వచ్చే స్లో మోషన్ నీళ్లకి భలే నప్పుతుంది. 30లో తీసినవాటిని అలాగే వాడితే చేప ఈదుతున్నట్టుండదు, తడబడుతున్నట్టుంటుంది.

నాకు బాగా నచ్చింది సముద్రాల్ని, వాతావరణాన్ని పరిశీలించే అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా (NOAA) వాళ్ల వీడియోలు. ఒకియానోస్ ఎక్స్‌ప్లోరర్ అనే ఓడ నుంచి డీప్ డిస్కవరర్ అనే రోబోను దింపుతారు, 6,000 మీటర్ల లోతు దాకా వెళ్లగలదు. చాలా వీడియోలకి కాపీరైట్ బాధ లేదు, సౌజన్యం అని వాళ్ల పేరు వేయమంటారంతే. కొన్ని షాట్లలో రెండు ఎర్రటి లేజర్ చుక్కలు కనిపిస్తాయి, పాడైన క్లిప్ అనుకుని పక్కన పెట్టేయకండి, వాటి మధ్య దూరం 10 సెంటీమీటర్లు, జీవి సైజు కొలవడానికి. సైన్సు కోసం తీసింది కాబట్టి గంటల కొద్దీ బురద నేల చూస్తూ ఉంటే ఎప్పుడో ఒక జెల్లీ ఫిష్ వస్తుంది. రాత్రి రెండింటికి అలాంటిది ఒకటి కనపడితే ఇంట్లోవాళ్లని లేపి చూపించాను, తిట్లు తిన్నాను. తీరా నా వీడియోకి లోతు సముద్రంతో పనే లేదు. అయినా పది సెకన్లు ఎక్కడో ఇరికించాను.

ఎడిటోరియల్ (వార్తలు, సమాచారం కోసమే) అని రాసి ఉన్న క్లిప్పులు ప్రకటనల్లో వాడకూడదు, అది మాత్రం కొనేముందు చదవండి.

చివరికి ఆ గ్రీన్ టర్టిల్‌ని తీసేశాను. దాని చోట పడవ అంచు నుంచి ఫోన్‌తో తీసిన మా మురికి నీళ్లే పెట్టాం, పైన నల్లటి తల ఒక్కసారి లేచి మునుగుతుంది. మేస్టారు ఈసారి వీడియో ఆపించలేదు.