ఊ కొట్టడం వేరు, చేతులు లెక్కపెట్టడం వేరు: చర్చలో లైక్ ఉండాలా?

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లో 180 ఫ్లాట్లుంటే, అరవై దాకా తెలుగువాళ్లవే. నెల్లూరు, కడప, అనంతపురం, ఖమ్మం, ఎవరి యాస వాళ్లది. మేమంతా మాట్లాడుకునే ఆన్‌లైన్ గ్రూపు బాగోగులు చూసే ముగ్గురిలో నేనొకదాన్ని. ఈమధ్య పాత యాప్ వదిలి కొత్తదానికి మారాం. సెట్టింగ్స్ పెడుతుంటే అది అడిగింది: లైక్ బటన్ ఉంచాలా, తీసేయాలా? మిగతా ఇద్దరూ "ఉంచెయ్యండి, అందరికీ అలవాటేగా" అన్నారు. ఒక్క వారం ఆగమన్నాను. 2024 మార్చిలో జరిగింది నాకింకా గుర్తుంది.

ఆ ఎండాకాలాన్ని బెంగళూరులో ఉన్నవాళ్లెవరూ మర్చిపోలేరు. ఊరంతా బోర్లు ఎండిపోయాయి. తాగునీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. మా బోరూ ఆగిపోయింది, పూర్తిగా ట్యాంకర్ల మీద పడ్డాం. ఆ నీళ్లతో కుళాయిల చుట్టూ తెల్లగా పేరుకునేది, ఎంత రుద్దినా సబ్బు నురగ వచ్చేది కాదు. అప్పుడు గ్రూపులో ఒకరు ఒక్క లైను రాశారు: "ట్యాంకర్ వాడికీ కమిటీకీ ఏదో లింకుంది." సాయంత్రానికి 41 లైకులు.

అదే రోజు మూడో అంతస్తు అంకుల్ కూడా రాశారు. అనంతపురం జిల్లాలో గ్రామీణ నీటి సరఫరాలో పనిచేసి రిటైరై, కూతురి దగ్గర ఉంటున్నారు. ట్యాంకర్ నీళ్లలో కాఠిన్యం మన బోరు నీళ్లకంటే ఎక్కువున్నట్టుంది, కాబట్టి నీళ్ల కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ ప్లాంటులో రెసిన్ పూసలు త్వరగా పని మానేస్తాయి, మునుపటి లెక్కన కాకుండా ఉప్పునీళ్లతో ఇంకా తరచుగా రీజెనరేషన్ (రెసిన్‌ను కడిగి మళ్లీ పనికొచ్చేలా చేయడం) చేయించండి, ముందు ఒక టెస్ట్ కిట్ తెప్పించి ప్లాంటులోకి పోయే నీళ్లూ బయటికొచ్చే నీళ్లూ రెండూ చూడండి, అని. దానికి రెండు లైకులు. ఒకటి వాళ్లమ్మాయిది, ఒకటి నాది.

ఆదివారం మీటింగులో "అంతమంది అదే అంటున్నారు కదా" అని ట్యాంకర్ మార్చేశారు. రెండు వారాలైనా తెలుపు పోలేదు. చివరికి ఎవరో కిట్ తెప్పించి చూశారు, రీజెనరేషన్ పెంచారు, నురగ వచ్చింది. ఈలోపు అంకుల్ గ్రూపులో రాయడం మానేశారు. లిఫ్టులో కలిసినప్పుడు ఎందుకని అడిగితే, "ఎవరికీ పనికొచ్చే మాట కాదేమోలే అనుకుంటినమ్మా" అన్నారు. నీళ్ల పనిలో జీవితమంతా గడిపిన మనిషి చేత ఆ మాట అనిపించింది ఆ "2" అనే అంకె. అది నన్ను చాలా బాధపెట్టింది.

అలాగని లైక్‌ను ఒక్క మాటతో కొట్టిపారేయలేను. చిన్నప్పుడు మా అమ్మమ్మ కథ చెబుతూ "ఊ కొట్టండే" అనేది. ఊ ఆగిందంటే పిల్లలు నిద్రపోయారని కథ ఆపేసేది. రాసేవాళ్లకూ ఆ ఊ కావాలి. లైక్ మొదట చేసిన పని కూడా అదే. ఫ్రెండ్‌ఫీడ్ అనే సైట్‌లో 2007లో వచ్చింది, 2009 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ తెచ్చాక లోకమంతా పాకింది. "బాగుంది", "సూపర్" అని పదిమంది పది కామెంట్లు పెట్టే బదులు ఒక్క నొక్కుతో పనైపోతుంది. మా అత్తగారికి 70 దాటాయి. ఫోన్‌లో తెలుగు టైప్ చేయడం రాదు, కానీ గ్రూపులో ప్రతి మాటా చదువుతారు. లైక్ తీసేస్తే ఆవిడ నోరు నొక్కేసినట్టే.

మరి గొడవ ఎక్కడ? అమ్మమ్మ కథకు ఎన్ని ఊలు వచ్చాయో ఎవరూ లెక్కపెట్టలేదు. లైక్ పక్కన అంకె ఉంటుంది, దాన్ని అందరూ చూస్తారు. అక్కడి నుంచి అది ఓటైపోతుంది. లెవ్ ముచ్నిక్, సినాన్ అరల్, షాన్ టేలర్ అనే పరిశోధకులు 2013లో 'సైన్స్' పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. వార్తల మీద చర్చ జరిగే ఒక సైట్‌లో లక్షకు పైగా కామెంట్లు తీసుకుని, కొన్నింటికి రాగానే ఏ కారణమూ లేకుండా ఒక్క మెప్పు ఓటు వేశారు. ఆ ఒక్కదానితోనే వాటి చివరి స్కోరు సగటున 25 శాతం పెరిగింది. ఊరికే వేసిన వ్యతిరేక ఓటును మాత్రం తర్వాత చదివినవాళ్లే సరిచేశారు. అంటే అకారణంగా తిడితే అడ్డుపడతాం, అకారణంగా పొగిడితే మాత్రం మనమూ వంత పాడతాం. మా 41లో కూడా మొదటి పది చూసి నొక్కినవాళ్లే ఎక్కువని నా నమ్మకం.

అంకె రాసేవాళ్లనూ మారుస్తుంది. పద్యనాటకాల్లో "వన్స్ మోర్" అనగానే నటుడు రాగం ఇంకాస్త సాగదీసేవాడు, కథ అక్కడే నిలబడిపోయేది. గ్రూపులోనూ అంతే. చురక వేస్తే లైకులొస్తాయని తెలిశాక చురకలే పెరుగుతాయి, టెస్ట్ కిట్ గురించి ఎవరు రాస్తారు?

పోనీ బటనే లేకుండా, మాటలే ఉంటే? రెండు నెలలు అలా ఉన్నాం కూడా, పాత యాప్‌లో ఆ సౌకర్యం రాకముందు. వాట్సాప్‌లోనే 2022 మే దాకా రియాక్షన్లు లేవు కదా. ఒకరు పుట్టినరోజని రాస్తే అరవై దండాలు, నలభై కేకులు, వాటి కింద ఎక్కడో "లిఫ్టు ఆగిపోయింది, లోపల పిల్లాడున్నాడు" అన్న మెసేజ్. అది చూసి పరుగెత్తేసరికి పావుగంట పట్టింది. పూర్తిగా తీసేయడానికి నేను ఒప్పుకోను.

మెప్పుతో పాటు వ్యతిరేక ఓటూ ఉంటే బాగుంటుందని ఒక కుర్రాడు అన్నాడు, సాఫ్ట్‌వేర్ మనిషి. 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో, అంటే ప్రోగ్రామర్లు ప్రశ్నలూ జవాబులూ రాసుకునే సైట్, అతనికి ఆదర్శం. అక్కడ మంచి జవాబుకు ఓటు పడితే 10 పాయింట్లు, వ్యతిరేక ఓటు పడితే 2 పోతాయి. జవాబుకు వ్యతిరేక ఓటు వేసినవాళ్లకూ ఒక పాయింటు పోతుంది, కాబట్టి ఊరికే వేయరు. బాగానే నడిచింది, ఎందుకంటే అక్కడ కోడ్ నడిపి చూస్తే జవాబు తప్పో ఒప్పో తేలిపోతుంది. పెంపుడు కుక్కల్ని లిఫ్టులో ఎక్కనివ్వాలా అన్నది ఏ యంత్రంలో నడిపి చూస్తాం? పైగా వ్యతిరేక ఓటు వేసినవాళ్లూ పడ్డవాళ్లూ పొద్దున్నే పాల ప్యాకెట్ దగ్గర ఎదురుపడాలి. యూట్యూబ్ సైతం 2021 నవంబరులో డిస్‌లైకుల సంఖ్యను అందరికీ కనబడకుండా చేసింది. ఇరుగుపొరుగు మధ్య ఇది అసలే వద్దు.

నా మనసుకు నచ్చింది నాలుగోది: నొక్కే బటన్ ఉంటుంది, అంకె మాత్రం రాసినవాళ్లకే కనిపిస్తుంది. ఇది కొత్తేమీ కాదు. హ్యాకర్ న్యూస్ అనే టెక్నాలజీ చర్చల సైట్ 2011 నుంచే కామెంట్ల పాయింట్లను ఇతరులకు చూపడం మానేసింది. ఇన్‌స్టాగ్రామ్ 2021 మేలో లైకుల సంఖ్య దాచుకునే వీలు అందరికీ ఇచ్చింది. అంకె దాస్తే ఒక నష్టం ఉంది, దాన్ని దాటవేయను. పిల్లల డాక్టర్ ఎవరు మంచివారు అని అడిగినప్పుడు పాతికమంది ఒకే పేరుకు సరే అన్నారని తెలిస్తే నిజంగా ఉపయోగం. అలాంటి చోట విడిగా పోల్ పెడితే సరి. అక్కడ ప్రశ్న స్పష్టంగా ఉంటుంది, దేనికి చెయ్యెత్తుతున్నామో తెలిసే ఎత్తుతాం. లైక్‌లో ఆ స్పష్టత లేదు. ఎవరో పోయారని రాస్తే కింద బొటనవేళ్లు చూసి మనసు చివుక్కుమన్న రోజులు అందరికీ ఉన్నాయి.

వారం తర్వాత ముగ్గురం కూర్చున్నాం. బటన్ ఉంచాం, దాని పేరు "ఉపయోగపడింది" అని మార్చాం, అంకె దాచేశాం. డబ్బు ఖర్చయ్యే ఏ నిర్ణయానికైనా పోల్ తప్పనిసరి, దానికి ముందు మూడు రోజులు చర్చ. తమ లైకులు అందరికీ కనబడట్లేదని ఒకరిద్దరు అలిగి కొన్నాళ్లు రాయలేదు, ఆ బాధ్యత నాదే.

మొన్న అంకుల్ ఇంటికెళ్లి నేనే చెప్పాను, ఇలా మార్చాం, మళ్లీ రాయండి అని. నిన్న రాత్రి ఆయన మా ఇంకుడు గుంతల్లో పూడిక తీయించాల్సిన సంగతి రాశారు, లోతూ కొలతలతో సహా. కింద నాలుగు జవాబులున్నాయి. అందులో ఒకటి, గుంత ఉన్న చోటే తప్పని. ఆయన దానికి పెద్ద సమాధానం రాస్తున్నారట, వాళ్లమ్మాయి చెప్పింది.