గూగుల్ డిసవౌ టూల్: ఆరేళ్లు వాడాక

మన సైటుకు వచ్చే లింకుల్లో ఫలానావి లెక్కలో వేయొద్దని గూగుల్‌కు చెప్పుకునే సాధనం ఈ డిసవౌ టూల్. మంగళగిరిలో మా బావకి చేనేత చీరల కొట్టుంది. దాని వెబ్‌సైట్ చూసే పని నా నెత్తిన పడింది. 2019లో ఓ పొద్దున సెర్చ్ కన్సోల్ (సైటు నడిపేవాళ్ల కోసం గూగుల్ ఇచ్చే సేవ) నుంచి మెయిల్ వచ్చింది. మీ సైటుకు వస్తున్న లింకులు అసహజంగా ఉన్నాయి, మాన్యువల్ యాక్షన్ తీసుకున్నాం అని దాని సారాంశం. అంటే గూగుల్ మనుషులే చూసి వేసే శిక్ష. "మంగళగిరి కాటన్ చీరలు" అని వెతికితే మొదటి పేజీలో ఉండే కొట్టు ఐదో పేజీలో కూడా లేదు. "ఏరా, శ్రావణమాసం ముందర కొట్టు మూసేశావా?" అన్నాడు బావ.

తప్పు మాదే. అంతకు ముందు ఏడాది ఓ ఏజెన్సీ ఎనిమిది వేలకు ఐదొందల బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మన సైటుకు వచ్చే లింకులు, ర్యాంకు పెంచడానికి) ఇస్తానంటే నేనే తలూపాను. లింకుల రిపోర్టు దింపుకుని చూస్తే కుక్కల మేత అమ్మే సైటు, ప్లంబింగ్ సైటు, ఎప్పుడో మూతపడ్డ డైరెక్టరీలు కనబడ్డాయి. అన్నిట్లోనూ అక్షరం పొల్లు పోకుండా ఒకటే మాట: "బెస్ట్ మంగళగిరి శారీస్ ఆన్‌లైన్". మనుషులు లింకు ఇస్తే ఇలా ఇవ్వరు. కొట్టు పేరు రాస్తారు, లేదంటే "ఇక్కడ కొన్నాను" అంటారు.

అలా డిసవౌ టూల్ జోలికి వెళ్లాను. కొన్న లింకులతో ర్యాంకులు పెంచుకునేవాళ్లను పట్టడానికి గూగుల్ 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే ర్యాంకింగ్ అప్‌డేట్ తెచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో, "ఈ లింకులను నా లెక్కలో వేయకండి" అని మనం చెప్పుకోవడానికి ఈ టూల్ ఇచ్చింది. సెర్చ్ కన్సోల్ మెనూలో వెతికితే దొరకదు, దాని అడ్రసు పట్టుకుని నేరుగా వెళ్లాలి. సెర్చ్ కన్సోల్‌లో సైటును డొమైన్ ప్రాపర్టీగా (సైటు మొత్తాన్ని ఒకే పేరు కింద) మాత్రమే పెట్టుకుని ఉంటే పనిచేయదు, యూఆర్ఎల్ ప్రిఫిక్స్ ప్రాపర్టీగా (https తో మొదలయ్యే పూర్తి అడ్రసుతో) విడిగా కలుపుకోవాలి. ఇది తెలియక నాకు ఒక పూట పోయింది.

మనం ఇవ్వాల్సింది మామూలు టెక్స్ట్ ఫైలు. లైనుకు ఒక లింకు లేదా ఒక సైటు. సైటు మొత్తాన్ని కాదనాలంటే ఇంగ్లీషులో డొమైన్ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా సైటు పేరు. హ్యాష్ గుర్తుతో మొదలైన లైనును అది పట్టించుకోదు కాబట్టి మన గుర్తుకు ఏదైనా రాసుకోవచ్చు. లక్ష లైన్లు, రెండు ఎంబీ దాటకూడదు. చీరల కొట్టుకి అంత ఎందుకులెండి. ఒక్క జాగ్రత్త: ఈ పద్ధతిలో రాస్తే సబ్‌డొమైన్లు (ఆ పేరు కిందే ఉండే విడి సైట్లు) కూడా పోతాయి. ఒక్క బ్లాగ్‌స్పాట్ పేజీ కోసం బ్లాగ్‌స్పాట్ మొత్తాన్నీ రాసిపారేస్తే మంచి బ్లాగుల లింకులూ అందులోనే కొట్టుకుపోతాయి.

నేను చేసిన పెద్ద పొరపాటు ఇంకోటి. మొదట 400 డొమైన్ల ఫైలు ఎక్కించాను. నెల తర్వాత ఇంకో పన్నెండు దొరికితే ఆ పన్నెండింటితోనే కొత్త ఫైలు ఎక్కించాను. కొత్తది పాతదానికి కలవదు, దాన్ని తీసేసి కూర్చుంటుంది. టూల్‌లో డొమైన్లు 12 అని కనబడినప్పుడు గుండె జారింది. అప్పటి నుంచి తేదీ వేసిన కాపీలు మూడు చోట్ల దాస్తున్నాను.

రీకన్సిడరేషన్ రిక్వెస్ట్, అంటే శిక్ష ఎత్తేయమని గూగుల్‌కు పెట్టుకునే అర్జీ, మొదటిసారి తిరస్కరించారు. ఫైలు ఎక్కించి చేతులు దులుపుకున్నాను, లింకులు తీయించే ప్రయత్నమే చేయలేదు. తర్వాత అరవై సైట్లకు మెయిళ్లు పెట్టాను. నలుగురు బదులిచ్చారు, అందులో ఇద్దరు తీయడానికి డబ్బులడిగారు! ఆ మెయిళ్ల పట్టిక జతచేసి, లింకులు కొన్నది మేమేనని ఒప్పుకుని రెండోసారి పంపితే ఒప్పుకున్నారు. కానీ ర్యాంకు పాత చోటికి రాలేదు. ఆ పాత చోటు కొంత ఆ దొంగ లింకుల పుణ్యమే కదా.

ఇక్కడితో ఆగాల్సింది. నెలనెలా డబ్బు కట్టే ఓ టూల్ మా లింకుల్లో మూడొందలను "టాక్సిక్" (హానికరం) అని ఎర్రగా చూపిస్తే, 2021లో చూసీ చూడకుండా అన్నీ ఫైల్లోకి తోశాను. అమెరికాలోని ఓ తెలుగు సంఘం వాళ్లు దసరా స్టాళ్ల పేజీలో మాకిచ్చిన లింకు కూడా అందులో పోయింది. ఆ టూల్ రంగు దాని సొంత అంచనా, గూగుల్ ఇచ్చిన మార్కు కాదు. ఆ మూడొందలూ వెనక్కి తీసుకున్నాను.

2023లో క్యాసినో సైట్ల నుంచి వేలల్లో లింకులు వచ్చిపడ్డాయి. ఈసారి ముట్టుకోలేదు. 2016లో వచ్చిన పెంగ్విన్ మార్పు తర్వాత గూగుల్ ఇలాంటివాటికి సైటును దించడం కన్నా లింకు విలువను తీసేయడమే ఎక్కువ చేస్తోంది. మా ర్యాంకు కదల్లేదు. మైక్రోసాఫ్ట్ వాళ్ల సెర్చ్ ఇంజిన్ బింగ్ అయితే 2023లోనే తన డిసవౌ టూల్‌నే ఎత్తేసింది.

కొన్న లింకులుండి మాన్యువల్ యాక్షన్ వస్తే ఈ టూల్‌కు నేనిచ్చే మార్కులు ఐదుకు నాలుగు. ఒకటి తగ్గించింది, ఎక్కించాక ఏం జరుగుతోందో చెప్పదని. వారాలు పడుతుంది, కాదన్న లింకులు రిపోర్టులో అలాగే కనబడుతుంటాయి. ఊరికే భయంతో వాడేవాళ్లకు ఒకటి కూడా ఎక్కువే.

మొన్న బావ మళ్లీ వాట్సాప్‌లో ఓ స్క్రీన్‌షాట్ పంపాడు. ఎర్ర వలయం, లోపల 78 శాతం ప్రమాదం, కింద ఎవరిదో ఫోన్ నంబరు. "నిజాం అంచు చీరల ఫోటోలు ఇంకా పంపలేదు బావా" అని బదులిచ్చాను.