డిజైనర్ ఇంటర్వ్యూ అన్నారు, రొయ్యల మేత బస్తా చేయించుకోబోయారు

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక ప్రకటనల ఆఫీసు. పేరు రాయడం లేదు. డిజైనర్ ఉద్యోగానికి అట్లాంటి చోటికి వెళ్ళబోయే వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. ఆఫీసు బాగుంది, ఏసీ బాగుంది, కాఫీ ఇంకా బాగుంది. ఇంటర్వ్యూ మాత్రం దండగ.

ప్రకటనలో అడిగింది సీనియర్ గ్రాఫిక్ డిజైనర్‌ని. కింద చదివితే ఫోటోషాప్, కోరల్‌డ్రా, ఇలస్ట్రేటర్, వీడియో ఎడిటింగ్, వెబ్‌సైటు, తెలుగు టైపింగ్, అవసరమైతే కెమెరా, పైగా సొంత ల్యాప్‌టాప్. నలుగురి పని. జీతం దగ్గర ‘అనుభవాన్ని బట్టి’ అని ఉంది. ఇది చూడగానే అనుమానం రావాలి అంటాడు మా అన్న. వచ్చింది. అయినా కావలిలో ఆఫ్‌సెట్ ప్రెస్సులో పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు చేసి చేసి విసుగొచ్చింది. ప్యాకేజింగ్ పని నేర్చుకోవాలని నాకు చాలా కాలంగా ఆశ. వీళ్ళ దగ్గరికి ఆక్వా కంపెనీల పనులు వస్తాయని విన్నాను. అందుకే పినాకిని రైలెక్కి వెళ్ళాను.

పదిన్నరకి రమ్మని పన్నెండు దాటాక పిలిచారు. సరే, అది ఎక్కడైనా ఉండేదే. లోపల ముగ్గురు: డైరెక్టరు గారు, హెచ్‌ఆర్ మేడం, ఆయన బావమరిదో పార్ట్‌నరో తెలియని ఇంకొకాయన. ఆ మూడో ఆయన ఫోన్ లోంచి తల ఎత్తలేదు. నా పనులన్నీ ఆర్ట్ పేపర్ మీద ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి తీసుకెళ్ళాను. డైరెక్టరు గారు దాన్ని చేతిలోకి తీసుకుని, బరువు చూసినట్టు చూసి, తెరవకుండానే మేడం వైపు తోశారు. మేడం దాని మీద కాఫీ కప్పు పెట్టలేదు, అంతవరకు సంతోషం.

“పెళ్ళయిందా అమ్మా?”

“లేదు సార్.”

“అయితే ఏడాదిలో వెళ్ళిపోతావు గదా.”

దీనికి ఏం చెప్పాలి? నేను మాట్లాడలేదు. కావలి నుంచి రోజూ ఎట్టా వస్తావు, నాన్న ఏం చేస్తారు, టైపింగ్ స్పీడ్ ఎంత, శనివారం రాత్రి ఉండగలవా. ఇవే ప్రశ్నలు. నా పనుల్లో ఒక స్వీట్ షాపుకి చేసిన మలైకాజా పెట్టె ఉంది. పాకం, నెయ్యి అంటుకుని మూత లోపల మరకలు పడతాయని అక్కడ మెరూన్ రంగు వేయించాను. దాని మీద ఎవరైనా ఏదైనా అడుగుతారని జవాబులు బట్టీపట్టుకుని వెళ్ళాను. ‘ఇది ఎందుకిట్టా చేశావు’ అన్న మాట ఆ గదిలో ఎవరి నోటా రాలేదు.

తర్వాత సిస్టమ్ ముందు కూర్చోబెట్టి రొట్టెల పండుగ పోస్టర్ చేయమన్నారు. ఇది న్యాయమైన పరీక్షే. నెల్లూరులో ఉన్న ఏ డిజైనర్‌కైనా బారాషహీద్ దర్గా, స్వర్ణాల చెరువు ఎట్లా చూపించాలో ఒక ఆలోచన ఉండాలి. ఫోటోషాప్ తెరిచి ‘శుభాకాంక్షలు’ అని యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగులో కొట్టాను. ‘క్ష’ ముక్కలైపోయింది. వాళ్ళది పాత వెర్షన్, అందులో ప్రిఫరెన్సెస్‌లో టైప్ అన్న చోట మన భాషలకి సరిపోయే ఇంజిన్ ఎంచుకోకపోతే ఒత్తులు అతకవు. అరనిమిషం పని. మార్చబోతుంటే ఫోన్ సార్ మొదటిసారి తల ఎత్తి, “సెట్టింగులు కదపొద్దు, అను ఫాంట్లలో చెయ్యి” అన్నారు.

అను ఫాంట్లు నాకు కొత్త కాదు, ప్రెస్సులో రోజూ అవే. ప్రింటుకి పోయే పనికి వాటితో ఇబ్బంది లేదు. కానీ అవి యూనికోడ్ కావు. అందులో కొట్టిన వాక్యాన్ని కాపీ చేసి ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి. వీళ్ళు మనిషిని తీసుకునేదే సోషల్ మీడియా పనికి. రామరాజా, మండలి, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయని చెప్పాను. “మేం ముందు నుంచీ ఇట్టాగే చేస్తున్నాం” అన్నారు. సరే అని అను ఫాంట్లలోనే చేసిచ్చాను. బాగానే వచ్చింది.

ఆ పక్క సీట్లో ఇప్పుడున్న ఆపరేటర్ ఒకాయన. సార్ బయటికి వెళ్ళాక నా స్పైరల్ పుస్తకం తీసుకుని ఒక్కో పేజీ తిప్పాడు. కాజా పెట్టె దగ్గర ఆగి, “మూత లోపల ముదురు రంగు ఎందుకమ్మా, ఇంకు ఖర్చు గదా?” అన్నాడు. ఆ రోజు మొత్తానికి నేను ఇంటర్వ్యూకి వచ్చినట్టు అనిపించింది అప్పుడే. ఆయన్ని లోపల కూర్చోబెట్టి వాళ్ళ ముగ్గుర్నీ బయట ఉంచి ఉంటే బాగుండేది.

అసలు కథ ఆ సాయంత్రం మొదలైంది. ‘సెలక్షన్ టాస్క్’ అని మేడం వాట్సాప్‌లో పంపారు: రొయ్యల మేత బస్తాకి ముందు వెనుక డిజైన్, లోగో, ఒక బ్రోచర్, ఇంకా సోషల్ మీడియా పోస్టులు. సోమవారం లోపల కావాలి. ఓపెన్ ఫైల్స్, అంటే ఎవరైనా తెరిచి మార్చుకోగల అసలు ఫైళ్ళు, తప్పనిసరి. పరీక్షకి ఒక ఊహా కంపెనీ చాలదా? వీళ్ళు పంపిన పీడీఎఫ్‌లో నిజం కంపెనీ చిరునామా ఉంది, జీఎస్టీ నంబరు ఉంది, క్రూడ్ ప్రొటీన్, ఫ్యాట్ శాతాల పట్టిక ఉంది. అడుగున ఎవరో పొరపాటున వదిలేసిన స్క్రీన్‌షాట్: ‘బుధవారం సిలిండర్లకి ఇవ్వాలి, లేట్ చెయ్యొద్దు’.

సిలిండర్లంటే ఏమిటో తెలియని వాళ్ళకి చెప్తాను. మేత బస్తా పైన ఉండే మెరిసే ఫిల్మ్‌ని గ్రావ్యూర్ పద్ధతిలో అచ్చు వేస్తారు. ఒక్కో రంగుకి ఒక్కో సిలిండర్ చెక్కాలి. రంగులు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, చెక్కించాక తప్పు దొరికితే ఆ సిలిండర్ మళ్ళీ చేయించాల్సిందే. సిలిండర్లకి వెళ్తోందంటే అది పరీక్ష పేపరు కాదు, అమ్ముకునే సరుకు.

నిజం చెప్పాలంటే పని మాత్రం నోరూరించేదే. మా పెదనాన్న వాళ్ళకి అల్లూరు దగ్గర రొయ్యల గుంటలున్నాయి. అక్కడ షెడ్డులో బస్తాలు ఎట్లా పెడతారో, మేత వేసే కుర్రాళ్ళు తెల్లవారుజామున టార్చి వెలుతురులో ఏం చూసి బస్తా లాగుతారో నాకు తెలుసు. కంపెనీ పేరు చూడరు, ఎగిరే రొయ్య బొమ్మ చూడరు. చిన్న రొయ్యలకి వేసే స్టార్టరా, పెరిగే వాటికి వేసే గ్రోయరా, ఎన్నో నంబరు మేత అన్నదే చూస్తారు. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఉంటారు, తెలుగు చదవలేరు. అందుకని నంబరు అరచేయంత ఉండాలి, ఒక్కో రకానికి ఒక్కో రంగు పట్టీ ఉండాలి, ఆ పట్టీ బస్తా పక్క అంచుల మీదకి కూడా రావాలి, ఎందుకంటే దొంతిలో కనపడేది అంచే. ఇదంతా ఆలోచించడం ఆపుకోలేకపోయాను. ముందు భాగం ఒకటి చేసి, చిన్న సైజు జేపెగ్‌గా, నా పేరు అడ్డంగా వేసి, కారణాలు రాసి పంపాను.

జవాబు ఒక్క ముక్క: “ఓపెన్ ఫైల్ పంపండి.”

కారణాల గురించి మాట లేదు. ఇది క్లయింట్ పనే కదా మేడం అని అడిగితే, “అందరూ చేస్తున్నారు, మీకొక్కరికే ప్రాబ్లమా” అని వచ్చింది. అందరూ అంటే ఎంతమందితో చేయిస్తున్నారో!

1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం బొమ్మ చేసినవాళ్ళే మొదటి హక్కుదారు. ఉద్యోగంలో ఉండి చేసిన పని అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, యజమానిది. ఇంటర్వ్యూకి వచ్చిన మనిషి ఇంకా ఉద్యోగి కాదు. ఆ హక్కు ఇంకొకరికి పోవాలంటే 19వ సెక్షన్ ప్రకారం అది రాతలో ఉండాలి, హక్కుదారు సంతకం ఉండాలి. వాట్సాప్‌లో ‘పంపండి’ అంటే పోదు. ఇదంతా వాళ్ళకి రాయలేదు. బస్తా డిజైన్‌కి ఇంత, లోగోకి ఇంత, ఓపెన్ ఫైల్స్‌కి అదనం అని ప్రెస్సులో ఇచ్చే పద్ధతిలోనే కొటేషన్ ఒకటి పంపాను. చూశారు, జవాబు ఇవ్వలేదు.

ఇట్లాంటి చోటికి వెళ్ళేవాళ్ళు ఫోన్‌లోనే జీతం అడగండి. లోపల డిజైన్ తెలిసినవాళ్ళు ఎవరైనా కూర్చుంటారా అని అడగండి. టాస్క్ ఇస్తే అందులో జీఎస్టీ నంబరు ఉందేమో చూసుకోండి. ఉంటే ముందు అడ్వాన్సు, తర్వాతే ఫైలు.