బోదకాలు పరీక్ష: రాత్రి తీసే రక్తమా, పది నిమిషాల పట్టీయా?

బోదకాలు తెచ్చే ఫైలేరియా జబ్బు సర్వే అనగానే రాత్రిపూట తలుపు తట్టే ఆరోగ్య సిబ్బందే గుర్తొస్తారు. నిద్రపోయిన పిల్లల్ని లేపి వేలికి సూది గుచ్చితే ఎవరికి నచ్చుతుంది? కానీ ఆ వేళ ఊరికే పెట్టింది కాదు. మన దగ్గర ఉన్న వూకెరేరియా బాంక్రాఫ్టి పురుగు పిల్లలు, అంటే మైక్రోఫైలేరియాలు, పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుంటాయి. రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య చర్మం దగ్గరి రక్తనాళాల్లోకి వస్తాయి. వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రే.

స్లైడు పద్ధతికి ఖర్చు తక్కువ. రాత్రి తీసిన చుక్క రక్తాన్ని గాజు పలక మీద మందంగా పూసి ఆరబెట్టి, మర్నాడు రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. పురుగు కనబడితే ఇక వాదన లేదు, ఆ మనిషి నుంచి దోమకు జబ్బు అంటుతుంది. చిక్కల్లా చుక్క చిన్నది కావడమే. రక్తంలో పురుగులు పలచగా ఉంటే స్లైడుకు దొరక్కుండా పోతాయి. రోజుకు వందల స్లైడులు చూసే టెక్నీషియన్ కళ్లు అలసిపోవడం సరేసరి.

పట్టీ పరీక్ష, అంటే ఫైలేరియాసిస్ టెస్ట్ స్ట్రిప్, పురుగు పిల్లల్ని వెతకదు. లోపలున్న పెద్ద పురుగులు రక్తంలోకి వదిలే పదార్థాన్ని, అంటే యాంటిజెన్‌ను, పడుతుంది. అందుకే పగలూ చేయొచ్చు. 75 మైక్రోలీటర్ల రక్తం చాలు, సరిగ్గా 10 నిమిషాలకు గీత చూడాలి. 'తర్వాత చూద్దాంలే' అని పక్కన పెడితే లేని గీత కూడా తేలొచ్చు. ఊరందరికీ ఫైలేరియా మందులు పంచడం ఆపాలా వద్దా అని తేల్చే సర్వేలో 6, 7 ఏళ్ల పిల్లలకు చేసేది ఈ తరహా పరీక్షే. అంత చిన్న వయసులో యాంటిజెన్ కనబడిందంటే ఈమధ్యే జబ్బు అంటిందన్నమాట. స్లైడు ఇంత ముందుగా చెప్పలేదు.

అయితే మందు పనిచేసిందా అని చూడ్డానికి మాత్రం నేను పట్టీని నమ్మను. ఫైలేరియాకు ఇచ్చే డీఈసీ అనే మందు మైక్రోఫైలేరియాలను త్వరగా చంపుతుంది, పెద్ద పురుగులు అంత తేలిగ్గా చావవు. స్లైడు శుభ్రంగా ఉన్నా పట్టీ మీద గీత నెలల తరబడి రావచ్చు. పైగా కేరళలో కనిపించే బ్రూజియా మలాయిని పట్టీ పట్టలేదు. మధ్య ఆఫ్రికాలో లోవా లోవా అనే ఇంకో పురుగు ఉన్నవాళ్లలో ఒక్కోసారి తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. ఆ పురుగు మన దేశంలో లేదు కనుక మనకు ఆ టెన్షన్ లేదు.

తెలుగు ఊళ్ల వరకూ నా ఓటు పగలు పట్టీకే. పాజిటివ్ వచ్చినవాళ్ల దగ్గరికే రాత్రి స్లైడుతో వెళితే చాలు, ఊరంతా లేపక్కర్లేదు.

ఇప్పటికే కాలు వాచినవాళ్ల సంగతి వేరు. వాళ్లలో చాలామందికి రెండు పరీక్షలూ నెగెటివ్ వస్తాయి. పురుగు చచ్చిపోయినా, ఒంట్లోని అదనపు నీటిని లాగేసే లింఫు నాళాలు దెబ్బతిన్నవి దెబ్బతిన్నట్టే ఉంటాయి. కాబట్టి నెగెటివ్ కాగితం చూసి బోదకాలు కాదనుకోకూడదు. డాక్టరు కాలు చూసే తేల్చాలి. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు ఆరబెట్టి, కాలు ఎత్తులో పెట్టుకునే పనికి ఏ రిపోర్టూ అక్కర్లేదు.